ఎక్కేవాళ్ళ కోటు

ఆ చలికాలం మేం గెలిచాం. ఆ గెలుపే మా కొంప మీదికొచ్చింది.

వానలు వెనకబట్టిన రోజుల్లో సమ్మె చేశాం. మాది ఊళ్ళో చెత్త ఎత్తే పని. ఊరు కొండవాలు మీద ఉంటుంది. లారీ పోయే రోడ్డు కొండ చుట్టూ మెలికలు తిరిగి పోతుంది. ఇళ్ళేమో కింది రోడ్డుకీ పై రోడ్డుకీ మధ్య మెట్ల సందుల్లో ఉంటాయి. లారీ నేను నడుపుతాను. చెత్త ఎత్తే ఆడవాళ్ళని కింది రోడ్డు మీద దింపేస్తే, వాళ్ళు గుమ్మం గుమ్మం దగ్గరా చెత్త సంచుల్లోకి ఎత్తుకుంటూ మెట్లెక్కి పై మలుపు దగ్గరికి చేరతారు. నేను దారిలో దుకాణాల ముందు తొట్టెలు ఖాళీ చేసుకుంటూ చుట్టూ తిరిగి అక్కడికొస్తాను. అదీ మా పని తీరు.

మేం చేతులు ముడుచుకుని కూర్చుంటే ఊరు ముక్కు మూసుకుంది. ముక్కు మూసుకున్నాకే దానికి చెవులు తెరుచుకున్నాయి. మా కోరిక ఒక్కటే, చలికోట్లు. "మందంగా ఉండాలి, కోటుకే కుట్టిన టోపీ ఉండాలి, పల్చటి గుడ్డ అంటగడితే ఊరుకోం" అని మేనేజరు బల్ల గుద్ది చెప్పింది నేనే. అడిగింది అడిగినట్టే ఇచ్చాడు. నీలం రంగు కోట్లు, పరుపులు కుట్టేవాడెవడో కుట్టినట్టు బొద్దుగా ఉన్నాయి. పంచిన రోజు ఎండ చుర్రుమంటోంది. అయినా ఆవరణలో అందరం తొడుక్కుని నిలబడ్డాం. చెమటలు కారిపోతున్నా ఒక్కరు గుండీ విప్పితే ఒట్టు.

"తమ్ముడూ, ఇది కోటు కాదు, కొలిమి" అంది రైలక్క. మెట్లెక్కేటప్పుడు ఆవిడ ఊపిరి ఇంజను కూతలా వస్తుంది, అందుకని ఆ పేరు. మా ఆవిడకి జోడీగా పనిచేస్తుంది.

"చలి రానీ అక్కా, అప్పుడు చెప్పు" అన్నాను.

ఆ సాయంత్రమే సంఘం మీటింగు పెట్టి తీర్మానం చేశాం. పనిలో ఉన్నంతసేపూ కోటు ఒంటి మీద ఉండాలి. ఒక్కరు తీసేసినా చాలు, మేనేజరు "చూశారా, వీళ్ళకి అక్కర్లేదు" అని వచ్చే ఏడు ఎగ్గొడతాడు. అందరూ చేతులెత్తారు. మా ఆవిడ కూడా ఎత్తింది. యజమాని గొలుసు వేస్తే తెంచుకోవచ్చు. మాకు మేమే వేసుకున్నది ఎవరు తెంచుతారు?

చలి వచ్చింది. పొద్దున్నే మెట్ల మీద మంచు పేరుకుని గాజులా మెరిసేది. లారీలో నాకు ఆ కోటు తల్లి ఒడిలా ఉండేది. చలి ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే.

ఇంట్లో పరిస్థితి వేరు. మా ఆవిడ పని నుంచి వచ్చి కోటు విప్పితే లోపలి చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉండేది. ఒకరోజు మా అమ్మ దాన్ని పిండి ఆరేసింది. చుక్కలు చుక్కలుగా కారింది.

"ఏమే, వాన పడిందా?" అంది అమ్మ.

"లోపల పడింది అత్తా."

ఆ మాట అని దగ్గింది. ఆ దగ్గు విని నేనూ అమ్మా ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. కిందటి చలికాలం ఇలాగే మొదలై ఊపిరితిత్తుల దాకా పోయింది. ఆస్పత్రిలో పడుకోబెట్టి తెచ్చుకున్నాం. ఛాతీకి చలి తగలనివ్వొద్దన్నాడు డాక్టరు. మేనేజరు అన్నది ఇంకోటి: "మళ్ళీ మంచమెక్కితే నిన్ను మెట్ల లైనులో ఉంచను, షెడ్డుకి పంపేస్తా." షెడ్డంటే ఎండు చెత్త వేరుచేసే రేకుల కొట్టం. అక్కడ దుమ్ము కమ్మేస్తుంది. మంచి ఊపిరితో వెళ్ళినవాళ్ళే ఆయాసంతో బయటికొస్తారు. ఈ దగ్గుతో వెళ్తే తిరిగి వచ్చేదేమీ ఉండదు. ఆ సంగతి ముగ్గురికీ తెలుసు.

"ఇంకో బనీను వెయ్యి లోపల" అంది అమ్మ. అమ్మకి లోకంలో ప్రతి జబ్బుకీ ఇంకో బనీనే మందు.

"ఇంకోటేస్తే ఇంకోటి తడుస్తుంది" అంది మా ఆవిడ. "ఎక్కుతున్నంతసేపూ ఉడికిపోతాను. ఎక్కాక ఈయన లారీ వచ్చేదాకా మలుపు దగ్గర నిలబడాలి. అప్పుడు ఆ తడి మంచుగడ్డై వీపుకి పట్టుకుంటుంది. అందుకే ఇవాళ ఎక్కేటప్పుడు కోటు నడుముకి కట్టుకున్నా."

నా తలకెక్కింది. "నడుముకా? ఊరంతా చూస్తుండగా? ఎంత కొట్లాడి తెచ్చుకున్నామే ఆ కోటు!"

"కొట్లాడి తెచ్చుకున్నామని దాంతోనే చావాలా?"

"నాకు బాగానే ఉందే!"

"నీకెందుకుండదు? కూర్చుంటావు."

జవాబు దొరకలేదు. దొరకనప్పుడు నేను గొంతు పెంచుతాను, అందరికీ తెలిసిందే. పెంచాను. ఆవిడ తిండి పెట్టుకుని గోడ వైపు తిరిగి కూర్చుని తినేసింది.

తర్వాత రైలక్క జ్వరంతో పడింది. సరిగ్గా అప్పుడే నా లారీ బ్రేకులు పట్టక రిపేరుకి పోయింది. మా మార్గంలోకి ఇంకో డ్రైవరుని పంపి, రైలక్క బదులు నన్ను మెట్లెక్కమన్నారు. ఓస్ ఇంతేనా అనుకున్నాను. కోటు గొంతు దాకా బిగించి సంచి భుజానేసుకున్నాను.

మొదటి మలుపు ఎక్కేసరికి చెవులు వేడెక్కాయి. సగం సందు ఎక్కేసరికి వెన్ను మీద చీమలు పాకినట్టు చెమట. పైకి చేరేసరికి నా లోపల నేనే ఉడుకుతున్నాను. కోటులోంచి ఆవిరి గొంతు దగ్గర పైకి తన్ని కళ్ళద్దాలు మసకబారాయి. తీర్మానం నాదే కాబట్టి గుండీ విప్పలేదు. మా ఆవిడ పక్కనే ఎక్కుతోంది.

పై మలుపు దగ్గర సంచులు దించి నిలబడ్డాం. లారీ రాలేదు. కొండ నడుము మీది నుంచి గాలి ఒక్కసారి తిరిగింది. మొదట హాయిగా ఉంది. ఆ తర్వాత వీపు మీద ఎవరో తడి గోనె పరిచినట్టయింది. భుజాలు వాటంతటవే చెవుల దాకా లేచాయి. పళ్ళు కొట్టుకుంటుంటే నవ్వినట్టు నటించాను. ఇంత మందం కోటు, లోపల ఇంత చలి! ఎక్కడి నుంచి దూరింది? దూరలేదు. నా చెమటే నన్ను పట్టుకుంది.

ఆవిడ సంచి పక్క జేబులోంచి పొడి తువ్వాలు తీసింది.

"వీపు మీద పెట్టుకో" అంది. "ఆ గోడ చాటుకి రా. గాలి అటు నుంచి వస్తుంది."

పెట్టుకున్నాను. గోడ చాటుకి వెళ్ళాను.

అప్పటి నుంచి నన్ను ఒకటే ఆలోచన తొలిచేస్తోంది. ఎక్కేటప్పుడు చెమట బయటికి పోవాలి, నిలబడ్డప్పుడు వేడి లోపల ఉండాలి. రెండూ ఒకే బట్ట చేస్తుందా? అలాంటి బట్ట ఉందా అసలు? ఇన్నాళ్ళూ జీతం గురించి, పనిగంటల గురించి ఎన్ని కాయితాలు చదివాను! ఒంటి మీద బట్ట గురించి ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు. ఇంట్లో ఉన్న ఉన్ని స్వెట్టరూ, నా కోటూ, అమ్మ పాత శాలువా తడిపి పిండి కిటికీలో వరసగా ఆరేశాను. ఏది ముందు ఆరుతుందో చూద్దామని గంటకోసారి పోయి తడిమి చూస్తున్నాను.

"ఎన్నికల్లో కూడా ఇంత జాగ్రత్తగా చూసి ఓటేసుండవురా" అంది అమ్మ.

మూడూ ఓడిపోయాయి. కోటైతే మర్నాటికీ ఆరలేదు.

ఆదివారం పాతబట్టల సంతకి వెళ్ళాం. గుట్టలు గుట్టలుగా బట్టలు. అమ్మేవాడు బల్ల ఎక్కి నిలబడి అరుస్తున్నాడు. మేం చలికి కావాలనగానే పెద్ద ఎర్రకోటు ఒకటి మా ఆవిడ మీదికి విసిరాడు.

"తీసుకోమ్మా, మంచుకొండలెక్కేవాళ్ళు వేసుకునేది!"

"వాళ్ళు చెత్త మోస్తారా?"

"చెత్తెందుకు మోస్తారమ్మా?"

"అయితే వాళ్ళకే ఉంచు."

జారుడుగా ఉండే సన్న కోటు ఒకటి తీసింది. గాలిని బాగా ఆపుతుందన్నాడు. ఆవిడ బట్టని నోటికి అదిమిపెట్టి, వెనక చెయ్యి పెట్టి గట్టిగా ఊదింది.

"ఊదుకుని తాగడానికి అది టీ కాదమ్మా!"

"నా ఊపిరే బయటికి రాలేదు. నా చెమటేం వస్తుంది?" అని పక్కన పడేసింది.

నాకు ఆ ఊదడం నచ్చింది. నేనూ మొదలుపెట్టాను. ఇద్దరం ఒక గుట్టకి అటొకరం ఇటొకరం కూర్చుని, చేతికందిన బట్టనల్లా ఊదుతున్నాం. జనం ఆగి చూస్తున్నారు. అల్లిన స్వెట్టర్లలోంచి ఊపిరి జల్లెడలోంచి నీళ్ళలా పోయింది. అవి మలుపు దగ్గర పనికిరావు. పైగా తడిస్తే బరువెక్కుతాయి. అప్పుడు గుట్ట అడుగున నూగు నూగుగా ఉన్న బట్ట ఒకటి చేతికి తగిలింది. "అది ఫ్లీసు" అన్నాడు అమ్మేవాడు. పల్చటిది. ఊపిరి తేలిగ్గా దాటింది. మా ఆవిడ దాన్ని వెలుతురుకి పట్టి చూసింది. అవతల నా మొహం కనిపించిందట.

"ఇది ఎక్కేటప్పటికి సరే. నిలబడితే చస్తాను."

"అయితే మందంది ఇస్తా" అని గొర్రెపిల్లంత బొచ్చున్నది ఒకటి ఇచ్చాడు. తొడుక్కుని అక్కడే గబగబా కూర్చుని లేచి, కూర్చుని లేచింది. మొహం ఎర్రబడింది. "మళ్ళీ కొలిమే."

"అమ్మా, అది పల్చనంటావు, ఇది మందమంటావు. మరి నీకేం కావాలి?"

"రెంటికీ మధ్యది."

"మధ్యది ఎవరూ అడగరమ్మా!"

అడగరు కాబట్టే అట్టడుగున ఉంది. ముదురాకుపచ్చ రంగు. బయట నున్నగా, లోపల నూగు. మోచేతి దగ్గర చిన్న నిప్పుమచ్చ. ఎవరిదో ఇంటి వాసన. ఊదితే ఊపిరి ఆగి ఆగి, గోరువెచ్చగా చేతికి తగిలింది. వెలుతురుకి పడితే నా మొహం కనపడలేదు. "అదే మంచిది" అంది మా ఆవిడ. గొంతు నుంచి కింది దాకా జిప్పు. వంగి చూసింది, నడుము బయటపడలేదు. చేతులు మోచేతుల పైకి లాగింది, నిలిచాయి. జేబులకి కూడా జిప్పులున్నాయి. "సంచి కొక్కేలు వీటికి తగులుకోవు" అని వాటిని కూడా మెచ్చుకుంది.

"టోపీ చూడు" అన్నాను.

టోపీ సంగతి నాకు తెలుసు, డ్రైవరుని కదా. మలుపు దగ్గర ఎన్నోసార్లు హారన్ కొట్టినా వీళ్ళు వెనక్కి తిరగరు. చెవిటివాళ్ళా అని తిట్టుకునేవాణ్ణి. మెట్లెక్కిన రోజు తెలిసింది. కంపెనీ కోటు టోపీ పెట్టుకుని తల తిప్పితే తల తిరుగుతుంది గానీ టోపీ తిరగదు. ముక్కు పోయి టోపీ గుడ్డలో దూరుతుంది. వెనకేం వస్తోందో తెలీదు.

ఆవిడ ఆకుపచ్చ టోపీ పెట్టుకుని సంత మధ్యలో నడిచింది. నేను వెనక లారీనై నడిచాను.

"పాం... పాం!"

ఠక్కున తిరిగింది. టోపీ తలతోపాటే తిరిగింది. రెండు కళ్ళూ నా మీదే ఉన్నాయి. సంత మొత్తం నవ్వింది. ఆవిడ కూడా నవ్వింది. చాలా రోజులకి దగ్గు రాకుండా నవ్వింది.

పనిలో దాన్ని పరీక్షించాం. ఎక్కేటప్పుడు జిప్పు సగం దించి, పైకి చేరగానే ఎత్తేసి టోపీ పెట్టుకునేది. చొక్కా తడిసేది కాదు, కాస్త చెమ్మగిల్లేది. గాలి ఈడ్చి కొట్టిన రోజు మాత్రం ఛాతీ దగ్గర దూరిందంది. దానికీ తనే దారి కనిపెట్టింది. చీకట్లో మెరవడానికి మాకిచ్చే పసుపుపచ్చ పలుచని చొక్కా ఉంటుంది కదా, దాన్ని నిలబడేటప్పుడు పైన తగిలించుకుంది. గాలి అక్కడే ఆగిపోయింది. రోజూ ఇంటికొచ్చాక నేను అడిగేవాణ్ణి: ఎక్కడ తడిసింది, ఎక్కడ చల్లబడింది, టోపీ జారిందా? ఆవిడ చెప్పేది. పెళ్ళయినప్పటి నుంచీ ఆవిడ పని గురించి అన్ని ప్రశ్నలు నేనెప్పుడూ వెయ్యలేదు. ఒక పొద్దున అమ్మ వంటగదిలోంచి, "ఏమే, లేచావా? చప్పుడే లేదు" అంది. అమ్మ రోజూ లెక్కపెట్టుకునే చప్పుడు ఆ దగ్గే.

రైలక్క జ్వరం తగ్గి పనిలోకొచ్చి దాన్ని ఓసారి తొడుక్కుంది, ఇక విప్పదు. "ఇవ్వక్కా" అంటే, "ఇంకో సందు ఎక్కి ఇస్తా" అంటుంది. మెట్ల మీది ఆడవాళ్ళందరూ వచ్చి ఊది చూసి పోయారు.

అదిగో, అప్పుడు మేనేజరు కంట పడింది. "కోటు లేకుండా తిరుగుతోందంటే కోటు అక్కర్లేదన్నమాటే కదా?" అన్నాడు నాతో, తియ్యగా. మేం భయపడ్డ మాటే. సంఘంలో అగ్గి రాజుకుంది. ఆ సాయంత్రమే లారీల షెడ్డులో మీటింగు.

బ్రేకు బాబాయి లేచాడు. అతనూ డ్రైవరే. ఏ మాటకైనా అడ్డం పడతాడని ఆ పేరు. "తీర్మానం చేసిందెవరు? మనం. మీరిందెవరు? లీడరు పెళ్ళాం. ఇవాళ కోటు వద్దంటారు, రేపు జీతం వద్దంటారు. గెలిచింది చేజార్చుకుంటామా?"

డ్రైవర్లందరూ అవునవునని అరిచారు. ఆవిడ తప్పేం లేదని చెప్పాలి. మెట్లెక్కి చూశాను కాబట్టి గట్టిగానే చెప్పగలను. గొంతు సవరించుకుని లేచాను.

"నువ్వు కూర్చో" అంది మా ఆవిడ.

"నీ తరఫునే మాట్లాడుతున్నా..."

"తెలుసు. కూర్చో. నీది కూర్చునే పని."

షెడ్డంతా ఘొల్లుమంది. కూర్చున్నాను. ఆవిడకి సభలో మాట్లాడే అలవాటు లేదు. నా వైపు చూడలేదు.

"మెట్లెక్కేవాళ్ళు చెయ్యెత్తండి."

ఎత్తారు. అందరూ ఆడవాళ్ళే.

"దించండి. కోట్ల బేరానికి మేనేజరు గదిలోకి వెళ్ళినవాళ్ళు చెయ్యెత్తండి."

నేను ఎత్తాను. బ్రేకు బాబాయి ఎత్తాడు. ఇంకో ఇద్దరు డ్రైవర్లు ఎత్తారు. ఎత్తిన చేతుల్ని అందరూ చూసేదాకా ఆవిడ ఆగింది. అంతకుముందు లేచిన చెయ్యి ఇందులో ఒక్కటీ లేదు. నా చెయ్యి బరువెక్కింది, దించమని ఎవరూ అనట్లేదు.

"మరి గెలిచిన కోట్లు తిరిగిచ్చేస్తామా?" అన్నాడు బాబాయి. గొంతు తగ్గింది.

"ఎందుకిస్తాం?" అంది రైలక్క. "మీవి మీరు లారీల్లో వేసుకోండి. మావి మంచాల మీద పరుచుకుంటాం. మెత్తగా ఉన్నాయి."

మర్నాడు పొద్దున మేనేజరు గదికి మా ఆవిడా రైలక్కా వెళ్ళారు. చేతిలో ఆకుపచ్చ ఫ్లీసూ, నీలం కోటూ. నన్ను రమ్మనలేదు. నేను లారీలో కూర్చున్నాను. కిటికీ అద్దం వెనక నీడలు కదులుతున్నాయి. ఇన్నేళ్ళుగా ఆ గదిలో ఏం జరుగుతుందో బయటివాళ్ళకి చెప్పేవాణ్ణి. ఇప్పుడు లోపలేం జరుగుతోందో తెలీక మెడ సాచి చూస్తున్నాను. మేనేజరు కుర్చీలోని నీడ లేచి నిలబడింది, దాని తల మీద కంపెనీ కోటు బొద్దుటోపీ. తర్వాత, ఆవరణ దాటి రోడ్డు దాకా వినిపించేలా, రైలక్క గొంతు.

"పాం... పాం... పాం!"

టోపీ నీడ అటూ ఇటూ తిరిగి గోడకి గుద్దుకుంది.

ఇద్దరూ బయటికొచ్చారు. మొహాలు చూస్తే ఏమీ తెలీలేదు. లారీ ఎక్కారు.

"ఏమన్నాడు?"

"మందం కావాలని బల్ల గుద్దింది మీ ఆయనే కదా అన్నాడు."

"నువ్వేమన్నావు?"

"గుద్దింది ఆయనే, ఎక్కింది నేనూ అన్నాను." టోపీ సర్దుకుంది. "మెట్ల లైనుకి ఇదే తెప్పిస్తాడట. నమూనాకి ఉంచమన్నాడు, ఇవ్వలేదు. చలి పోయాక ఇస్తానన్నాను. ముందు పద, లైను ఆలస్యమైంది."

కింది రోడ్డు మీద వాళ్ళని దింపాను. ఆ రోజు దుకాణాల తొట్టెలు తొందరగా ముగించేశాను. పై మలుపుకి నేనే ముందు చేరాను. సందులోంచి రైలక్క కూత ఇంకా కింద ఎక్కడో వినిపిస్తోంది. ఇంజను ఆపి, నీలం కోటు విప్పి సీటు మీద పడేసి దిగాను. గోడ చాటుకి పోలేదు.

వాళ్ళు సంచులతో పైకొచ్చారు. మా ఆవిడ జిప్పు పైకి లాగుతూ నన్ను పైనుంచి కింది దాకా చూసింది.

"కూర్చోక, దిగావెందుకు?"

"ఊరికే. గాలి ఎంతసేపటికి వీపుకి చేరుతుందో చూద్దామని."

"చేరిందా?"

"ఇంకా లేదు."

సంచి దించి వచ్చి నా పక్కన నిలబడింది. "ఉండు. ఇప్పుడొస్తుంది."